వెనక్కి వెళ్ళే బటను

ఆ ఉదయం కళ్ళద్దాల బాబాయ్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ కలుపుకోవాలి, భార్య కంప్యూటరు తెరిచి కాసేపు చూసుకోవాలి, ఆ తర్వాత వెళ్ళి కొట్టు తెరవాలి. కొట్టంటే కళ్ళజోళ్ళ కొట్టు. ఆయనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. వీధి వీధంతటి చూపూ సరిచేసే మనిషికి ఈ మధ్య తన కళ్ళే సరిగ్గా ఆనడం లేదు. రెండుసార్లు అద్దాలు మార్చి చూశాడు. అది అద్దాలతో పోయే మసక కాదు.

ఆయన భార్య ఒక వారపత్రికకు గళ్ళ నుడికట్టు కూర్చేది. చలికాలం చివర్లో ఒకరోజు, నుడికట్టు ఇంకా పూర్తికాకుండానే, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని కుర్చీలోంచి లేచి వెళ్ళి పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఆఖరి ఆధారం "ఉప్పు తక్కువైతే" అన్న దగ్గర ఆగిపోయింది. తక్కువైతే ఏమవుతుంది? ఆమె ఏం రాయబోయింది? బాబాయ్ రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని ఆ ఖాళీ వంక చూస్తూ కూర్చుంటాడు. కొన్నాళ్ళు అది తన మీద విసురేమో అనిపించేది, కంచం ముందు ముఖం మాడ్చుకునే అలవాటు ఆయనకి ఉంది మరి. కొన్నాళ్ళు ఏమీ అనిపించేది కాదు. ఊరికే చూసేవాడు.

ఆ రోజు తెర మీద ఆ నుడికట్టు లేదు. కంప్యూటరు ఎవరూ అడక్కుండానే అప్‌డేట్ చేసుకుంది. గళ్ళ బొమ్మ ఉండాల్సిన చోట తెల్ల కాగితంలాంటిదొకటి ఉంది. నొక్కితే "ఈ ప్రోగ్రాం ఇక్కడ నడవదు" అంది. బాబాయ్ ఇంకోసారి నొక్కాడు, మళ్ళీ అదే మాట. వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేశాడు. ఆమె నాలుగు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఎంత తొందరలో ఉన్నా విసుక్కోని మనిషి.

"కంగారు పడకండి బాబాయ్ గారూ. రిస్టోర్ అని ఒకటుంటుంది. అది నొక్కి వెనకటి తారీకు ఎంచుకోండి. కంప్యూటరు మళ్ళీ ఆ రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది."

"ఏ రోజుకైనా వెళ్తుందామ్మా?"

"మీ ఇష్టం. ఏ రోజు కావాలి?"

బాబాయ్ గోడ మీది క్యాలెండరులో చలికాలం దాకా కాగితాలు వెనక్కి తిప్పి, వదిలేశాడు. చివరికి "నిన్నటిది చాల్లే" అన్నాడు.

నొక్కాడు. భార్య కంప్యూటరంతా తెలుగులో పెట్టుకుంది కాబట్టి జవాబు కూడా తెలుగులోనే వచ్చింది: "ఈ వ్యవస్థ నందు పునరుద్ధరణ బిందువులు ఏవియూ సృష్టించబడి ఉండలేదు." ఆమె ఉంటే ఈ వాక్యం రాసినవాణ్ణి నిలువునా కడిగేసేది. బాబాయ్ మాత్రం దాన్ని మూడుసార్లు చదివి, లేవని అర్థం చేసుకున్నాడు.

"అయితే మధ్యాహ్నం వస్తాను" అంది మెకానిక్. "ఈలోగా వైర్లన్నీ ఒకసారి ఊడదీసి పెట్టి చూడండి. ఏదీ కాకపోతే మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించడమే."

మొత్తం తుడిచేయడమన్న మాట ఆయన చెవిలో ముల్లులా దిగింది.

ఆ మధ్యాహ్నం ఆయన మరదలికి కొత్త కళ్ళజోడు ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. కొట్టుకి రాలేనని చెప్పడానికి ఫోన్ చేశాడు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో సూపర్వైజరు. చుట్టూ కుట్టుమిషన్లు ఒకటే మోత. దానికి తోడు బాబాయ్‌ది అసలే నూతిలోంచి వచ్చే గొంతు.

"ఇవాళ రాలేనమ్మా. మీ అక్క ఉన్న రోజుకి వెళ్ళిపోదామని పొద్దున్నుంచీ ప్రయత్నిస్తున్నాను. దారి దొరకట్లేదు."

"ఏంటి బావా? ఎక్కడికి?"

"వెనక్కి. ఇక లాభం లేదట. మొత్తం తుడిచేయడమే. మధ్యాహ్నానికి అయిపోతుంది. నీ కళ్ళజోడు కొట్లో పైసొరుగులో ఉంది, నేను లేకపోయినా తీసుకోవచ్చు."

"బావా! బావా, ఒక్క నిమిషం..."

బాబాయ్ అప్పటికే ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది, ఆయన ఫోన్ వంటింట్లో వదిలి వైర్లు ఊడదీయడానికి బల్ల కిందికి దూరాడు కాబట్టి. మరదలు మిషన్లు వదిలి గేటు వైపు పరిగెత్తింది. బావ పక్కింట్లో ఉండే డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేసింది. "మాస్టారూ, మీకు పుణ్యముంటుంది, ఒక్క పరుగున వెళ్ళి మా బావని పట్టుకోండి. నేను వచ్చేదాకా వదలొద్దు!"

డ్రిల్లు మాస్టారు ఉద్యోగం విరమించాడు గానీ ఈల విరమించలేదు. అది జేబులోనే ఉంటుంది. ఊదుకుంటూ వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చూస్తే బల్ల కింద నుంచి రెండు కాళ్ళు బయటికొచ్చి ఉన్నాయి. చుట్టూ వైర్లు.

"బాబాయ్!"

బాబాయ్ నోట్లో టార్చిలైటు ఉంది. "ఊఁ... ఊఁ..." అన్నాడు.

కరెంటు పట్టుకున్న మనిషిని చేత్తో ముట్టుకోకూడదని మాస్టారు బడిలో కొన్ని వందలమందికి నేర్పాడు. తనకి చెయ్యాల్సి రావడం ఇదే మొదలు. ఒక్క ఉదుటున మెట్ల కింది బోర్డు దగ్గరికెళ్ళి మేడ మొత్తానికీ ఉన్న ఫ్యూజు లాగేశాడు. అది ఊడి కిందపడి పగిలింది. తిరిగొచ్చి చీపురుకర్ర తీసుకుని బాబాయ్ పిక్కల మీద టపటపా రెండు వేశాడు. ఫ్యూజు తీశాక కర్రతో పనేమిటని తర్వాత అందరూ అడిగారు. ప్రాణం దగ్గర ఒక్కదాన్నే నమ్ముకోకూడదన్నాడు.

బాబాయ్ కెవ్వుమని లేవబోతే నెత్తి బల్లకి కొట్టుకుంది.

"బతికాడు!" అన్నాడు మాస్టారు, కర్ర వదిలేసి, కళ్ళనీళ్ళతో.

ఈలోగా కింది అంతస్తు నుంచి పళ్ళ డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. సగం పన్ను తొలిచేసరికి ఆయన యంత్రం ఆగిపోయిందట. ఆయన వెనకే బుగ్గ నిండా దూది కుక్కుకుని ఒక పెద్దాయన. ఆయన్ని కూర్చోమనడానికి ఎవరికీ తోచలేదు, ఆయనే కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు బాబాయ్ నాడి పట్టుకుని, అలవాటు కొద్దీ "నోరు తెరవండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మరదలు వచ్చింది. మెడలో కొలత టేపు తియ్యకుండానే వచ్చింది. నేల మీద బాబాయ్, నెత్తిన బొప్పి, పక్కన కర్ర, డాక్టరు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. గబగబా వంటింట్లోకి పోయి కత్తిపీటలూ చాకులూ ఏరి సంచిలో వేసుకుంది. బల్ల మీది స్క్రూడ్రైవర్లు కూడా వేసుకుంది. చివరికి ఆ కొలత టేపు కూడా మెడలోంచి తీసి సంచిలో దాచేసింది.

"ఏంటమ్మా ఇదంతా?" అన్నాడు బాబాయ్.

"మొత్తం తుడిచేస్తానన్నారుగా! అక్క దగ్గరికి వెళ్ళిపోతానన్నారుగా! నేనున్నానన్న ఆలోచన కూడా లేదా మీకు?"

"తుడిచేది కంప్యూటర్నే తల్లీ."

మాస్టారు చీపురుకర్రని మెల్లిగా కాలితో మంచం కిందికి తోశాడు.

బాబాయ్ నుడికట్టు సంగతి చెప్పాడు. రోజూ చూసుకునే ఖాళీ సంగతి చెప్పాడు. తన నోటితో తను వింటుంటే అది చాలా చిన్న విషయంలా ఉంది. ఒక మనిషి ఇంతమందిని పరిగెత్తించడానికి తగిన కారణంలా లేదు. అందుకని తలొంచుకుని, "వెనక్కి వెళ్ళే బటనుందంటే ఆశపడ్డానమ్మా" అన్నాడు.

మరదలు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "మీకు నొక్కడానికి ఓ బటనైనా ఉంది బావా. నాకదీ లేదు."

చితి దగ్గర కూడా ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్ళకి నీళ్ళిచ్చింది, బావకి అన్నం పెట్టింది, మర్నాడు మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయింది. గుండె రాయి చేసుకుందని అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ రాయి పగిలింది. కత్తుల సంచి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. రాత్రుళ్ళు నిద్ర లేదని, అన్నం సయించడం లేదని, అడిగేవాళ్ళు లేరని ముక్కలు ముక్కలుగా చెప్పింది. కాపలా ఉండడానికి వచ్చిన మనిషి పక్కన బాబాయే కాపలా కూర్చున్నాడు. తల నిమరడం చేతకాక, ఆమె కళ్ళజోడు తీసి తన చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఆయనకి వచ్చిన ఓదార్పు అదొక్కటే.

మెకానిక్ వచ్చేసరికి ఇంట్లో దీపం లేదు, అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. పోయినావిడకి ఇవాళ ఏదైనా కార్యక్రమమేమో అనుకుని ఆమె చెప్పులు బయటే విడిచింది. సంగతి తెలిశాక ముందు ఫ్యూజు బాగుచేసింది. కరెంటు వచ్చాక కూడా పళ్ళ డాక్టరు కదల్లేదు. దూది పెద్దాయనా కదల్లేదు.

"ఇందులో రిస్టోర్ ఎప్పుడో ఆపేసుంది బాబాయ్ గారూ. ఆపి ఉన్నప్పటి రోజుల్ని అది గుర్తుపెట్టుకోదు. ఎవరొచ్చినా తేలేరు."

"సరేనమ్మా" అన్నాడు బాబాయ్. ఆయనకి ఆ సంగతి పొద్దుటి నుంచీ తెలుసు. చలికాలం నుంచీ తెలుసు.

"కానీ ఆవిడ ఫైలుకేం కాలేదు. ప్రోగ్రామే మొరాయించింది." ఆమె ఏదో నొక్కింది, ఇంకేదో ఎక్కించింది. తెర మీద గళ్ళు పరుచుకున్నాయి. బాబాయ్ ముందు ఆఖరి ఆధారం వంక చూశాడు. "ఉప్పు తక్కువైతే" అలాగే ఉంది.

మాస్టారు కళ్ళు చికిలించి ఇంకొకటి పైకి చదివాడు. "అడ్డం ఏడు. ప్రభుత్వం వేస్తుంది, వైద్యుడు పీకేస్తాడు. రెండక్షరాలు." పళ్ళ డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "పన్నాగమా? కాదే, మూడక్షరాలు. పీకేది... కట్టా? కుట్టా?"

మూల నుంచి దూది పెద్దాయన విసుగ్గా, "ఫన్ను!" అన్నాడు.

ముందు నవ్వింది మరదలు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "అక్క పళ్ళ డాక్టర్లని వదిలితేగా!" అంది. చలికాలం తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదటిసారి. బాబాయ్‌కి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆయనకే తెలియలేదు, రెండూ ఒకే దారిన వచ్చాయి. ఉప్పు తక్కువైతే ఏమవుతుందన్న దాని మీద అందరూ తలో మాటా అన్నారు. బాబాయ్ అన్నీ విన్నాడు, ఒక్కటీ రాయనివ్వలేదు.

"రిస్టోర్ ఆన్ చేశాను" అంది మెకానిక్ లేస్తూ. "ఇక ముందు ఏం పాడైనా ఇవాళ్టికి రావచ్చు. ఈ పాయింటుకి పేరు పెట్టాలి. ఏం పెట్టమంటారు?"

బాబాయ్ గదంతా ఒకసారి చూశాడు. మరదలు వంటింట్లో అందరికీ బియ్యం కడుగుతోంది. కూర తరగడానికి కత్తిపీట కోసం తన సంచిలో తనే వెతుక్కుంటోంది. మాస్టారు పళ్ళ డాక్టరికి ప్రథమ చికిత్స నేర్పుతున్నాడు. నెత్తిన బొప్పి సలుపుతోంది. తెర మీద ఉప్పు తక్కువైతే పక్కన ఖాళీ అలాగే ఉంది.

"'ఫరవాలేదు' అని పెట్టమ్మా" అన్నాడు.