మెకానిక్‌ను మానండి, బానెట్ ఎత్తండి

పాఠక మహాశయులారా, మనిషి ఆరోగ్యంగా, గౌరవంగా, చీకూచింతా లేకుండా బతకాలంటే కావలసింది వ్యాయామం కాదు, ధ్యానం కాదు. పదిహేడేళ్ళ పాత ఎస్‌యూవీ. అది కూడా తరచూ నడవనిది!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. నేను రిటైరై ఏడు నెలలైంది. ముప్ఫై నాలుగేళ్ళు ఆఫీసులో పనిచేసి, సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. ఇప్పుడు ఇంటి పక్క షెడ్డులో ఉన్న మా ఏడు సీట్ల బండిని సొంత చేతులతో బాగుచేసుకుంటున్నాను.

అసలు బండిని మెకానిక్‌కి ఎందుకివ్వాలి చెప్పండి? పొద్దున్న ఇస్తే సాయంత్రానికల్లా బాగుచేసి ఇచ్చేస్తాడు. దానివల్ల మనకు ఒరిగేదేమిటి? "పది నిమిషాల్లో బ్రేక్ ప్యాడ్లు మార్చుకోండి" అని ఫోన్లో ఓ వీడియో ఉంది. అందులో ఒకాయన తెల్లచొక్కా వేసుకుని, దానికి ఒక్క మరకా అంటకుండా, ఈల వేస్తూ మార్చేశాడు. నాకు పదకొండు రోజులు పట్టింది. చొక్కాలు మూడు పోయాయి. ఆయనకు దక్కింది పది నిమిషాల ఆనందం. నాకు పదకొండు రోజులు! ఎవరు అదృష్టవంతులో మీరే తేల్చండి.

పని పూర్తయ్యాక నాలుగు నట్లు మిగిలాయి. పిరికివాళ్ళయితే కంగారుపడతారు. కంపెనీవాళ్ళ దుబారా ఇన్నాళ్ళకు బయటపడిందని నేను సంతోషించాను.

ఆ ఊపులో అప్‌గ్రేడ్లలోకి దిగాను. రివర్స్ కెమెరా బిగించాను. స్క్రీన్ మీద వీధి తలకిందులుగా కనిపిస్తుంది. బండి వెనక్కి తీసేటప్పుడల్లా మెడ పక్కకి వాల్చి, గడ్డం పైకెత్తి, ఒక కన్ను మూసి చూడాలి. ఏళ్ళ తరబడి వదలని మెడనొప్పి వారం తిరక్కుండా నడుముకి దిగిపోయింది. ఏ డాక్టరు చేయగలిగాడు ఈ పని?

ఇక కొత్త హారన్. వైర్లు కలపడంలో నేను కొంత స్వతంత్రంగా ఆలోచించినమాట నిజమే. బ్రేకు తొక్కితే హారన్ మోగుతుంది. హారన్ నొక్కితే వైపర్లు ఆడతాయి. వైపర్ల స్విచ్చి వేస్తే ఏమవుతుందో కనుక్కునే ధైర్యం ఇంకా రాలేదు. సూపరింటెండెంటుగా ఉన్న రోజుల్లో నేను కారిడార్లో నడిచివస్తుంటే ప్యూను కూడా పక్కకి తప్పుకునేవాడు కాదు. ఇప్పుడు బ్రేకు మీద కాలు పెడితే చాలు, వీధి వీధంతా గోడకి అతుక్కుపోతుంది.

మూలమీద మెకానిక్ ఒకడున్నాడు. ఓ రోజు షెడ్డులోకి తొంగిచూసి, బండి చుట్టూ మౌనంగా ఒక ప్రదక్షిణ చేశాడు.

"అయ్యా, మీలాంటోళ్ళు వీధికొకరుంటే చాలు, నా షాపు చల్లగా ఉంటుంది," అన్నాడు. దాన్ని నేను సర్టిఫికెట్‌గా స్వీకరించాను.

దాంపత్యానికి కూడా ఇది మహా మేలు చేస్తుంది. నేను బండి కింద పడుకుంటే మా ఆవిడ టార్చి పట్టుకుంటుంది. "ఇటు", "ఇటు కాదు, అటు", "నీ నీడ పడుతోంది, జరుగు". ఉద్యోగం చేసినన్నాళ్ళూ మేమిద్దరం ఇన్ని మాటలు మాట్లాడుకున్న పాపాన పోలేదు.

ఇంత సుఖంగా ఉంటే చూసేవాళ్ళ కళ్ళు ఊరుకుంటాయా? మా తోడల్లుడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఆ డొక్కుబండిని ఇంకెన్నాళ్ళు సాకుతారు? ఆదివారం మా ఇంటిదాకా తోలుకురండి చూద్దాం. రాలేకపోయారనుకోండి, సోమవారం దాన్ని పాత ఇనుముకి పంపించే పూచీ నాది."

పౌరుషం కొద్దీ సరేననేశాను. నిజం చెబుతున్నాను, ఆ వారం నాకు అన్నం సయించలేదు. షెడ్డు ఖాళీ అయిపోతుందేమోనన్న బెంగ పట్టుకుంది. చూసిన వీడియోలే చూశాను, బిగించిన బోల్టులే మళ్ళీ బిగించాను.

ఆదివారం బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది! దారిలో ఎక్కడా ఆగలేదు. మా తోడల్లుడి గేటు ముందు బ్రేకు తొక్కేసరికి ఆ హారన్‌కి వాళ్ళింటిల్లిపాదీ బయటికొచ్చింది. "నడుస్తోందే," అన్నాడాయన, ముఖం మాడ్చుకుని. నేను మీసం లేకపోయినా మెలేశాను. తిరిగి వస్తున్నప్పుడు మా ఆవిడ మాత్రం ఎందుకో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

సోమవారం పొద్దున్న టీ గ్లాసు పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. బానెట్ అప్పటికే ఎత్తి ఉంది. మా ఆవిడ లోపలికి వంగి ఏదో పీకుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

ఆమె కంగారుపడలేదు. "ఫ్యూజు తీస్తున్నా. ఇది లేకపోతే స్టార్ట్ అవదు."

"నీకెలా తెలుసు?"

"ఏడు నెలల్నుంచి టార్చి పట్టుకుంటున్నాను కదండీ. మీకు కనబడేది నాకూ కనబడుతుందిగా."

"బాగున్న బండిని పాడుచెయ్యడమేమిటే?"

"పోయిన నెల మూడు రోజులు ఇది బాగానే నడిచింది, గుర్తుందా? ఆ మూడు రోజులూ మీరు ఇంట్లో ఉన్నారు. వంటింట్లో డబ్బాలన్నిటికీ నంబర్లు వేశారు. ఉల్లిపాయలు ఏ సైజులో తరగాలో సర్క్యులర్ రాసి ఫ్రిజ్ మీద అంటించారు. టిఫిన్ పావుగంట ఆలస్యమైందని నన్ను సంజాయిషీ అడిగారు. అదీ రాతపూర్వకంగా."

నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆమె ఫ్యూజుని అరచేతిలో పెట్టి నా ముందుకి చాపింది.

"కావాలంటే పెట్టేసుకోండి. నేనేం అనను. కానీ పెట్టేశాక, రేపట్నుంచి మీరేం చేస్తారండీ?"

చేతిలో టీ చల్లారిపోయింది.

పాఠక మహాశయులారా, మీ దగ్గర దాచడమెందుకు? నేను వెళ్ళిపోతే సెక్షనే మూతపడుతుందని వీడ్కోలు సభలో ఐదుగురు మాట్లాడారు. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఒక్కడంటే ఒక్కడు ఫోన్ చేసి, ఫలానా కాగితం ఎక్కడ పెట్టారు సార్ అని అడిగిన పాపాన పోలేదు. సెక్షన్ మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోందట.

"దాచెయ్," అన్నాను మా ఆవిడతో. "ఎక్కడ దాచావో నాకు చెప్పకు."

ఆమె తలూపి లోపలికి వెళ్ళింది. నేను చొక్కా చేతులు మడిచి బండి కిందికి దూరాను. లోకమంతా నేను లేకుండానే చక్కగా నడిచిపోతోంది. ఈ బండి ఒక్కటే, రోజూ పొద్దున్న తొమ్మిదయ్యేసరికి నా కోసం చెడిపోయి ఉంటుంది.