కదిరప్ప కళ్ళె డబ్బీ

"ఆర్నెల్లలో హిందూపురంలో క్షయ ఆనవాలు లేకుండా చేస్తా!" అని కదిరప్ప మైకులో శపథం చేసినాడు. శపథం మధ్యలో మూడుసార్లు దగ్గొచ్చింది. జనం ఆవేశమనుకుని చప్పట్లు కొట్టినారు.

అది రెండువేల ఐదు. మున్సిపల్ ఎన్నికలు దగ్గరపడినాయి. కదిరప్పకు వార్డు టికెట్ దాదాపు ఖాయం. నెలన్నరగా వదలని ఈ దగ్గు సంగతి బయటపడితే మాత్రం ఖాయం కాదు.

సభ అయినాక, అక్కడికొచ్చిన సర్కారు ఆస్పత్రి డాక్టర్ ప్రేమలతను జనరల్ నాలెడ్జి కోసమన్నట్టు అడిగినాడు: "మేడం, ఒంట్లో రోగనిరోధక శక్తి ఉంటాది గదా, అదేం చేస్తాంటాది?"

"దాని పని అది చేస్తుందండీ. పోలీసుల్లాంటి కణాలు క్రిమిని మింగేస్తాయి. వేరే క్రిమైతే లోపలే అరిగిపోతుంది. టీబీ క్రిమికి మైనపు చొక్కా ఉంది. మింగిన పోలీసు కడుపులోనే కాపురం పెడుతుంది, అరిగించే రసాన్ని తన గదిలోకి రానివ్వదు. మిగతా పోలీసులు చుట్టూ గోడ కట్టినా ఆ గోడలోనే ఏళ్ళకేళ్ళు పడుకుంటుంది. ఒళ్ళు నీరసించిన రోజు లేస్తుంది."

కదిరప్పకు ఆ క్రిమి మీద గౌరవం పుట్టింది. తనను మింగాలని చూసిన ప్రతి పార్టీ ఆఫీసులోనే చాప పరుచుకున్న ఘనుడు తను. ఇప్పటికి మూడు. "మనోడే" అని మురిసిపోయినాడు. ఆ మనోడు తన రొమ్ములోనే ఉంటాడేమోనని తోచి, మురుపు ఆపుకున్నాడు.

"మైకులో మీ దగ్గు విన్నానండీ. మీరు రేపు పొద్దున లేస్తూనే దగ్గి, కళ్ళె ఇందులో పట్టి తీసుకురండి" అని డాక్టరమ్మ మూత డబ్బీ చేతిలో పెట్టింది.

తెల్లారినాక డబ్బీతో గంగాధర ఇంటికి పోయినాడు. గంగాధర ఊరేగింపుల్లో నినాదాలిచ్చే కార్యకర్త, ఎనుబోతు లాంటి గట్టి మనిషి. అప్పుడప్పుడూ గొంతు పట్టేది గానీ, అది జిందాబాదుల వల్లేనని అందరి నమ్మకం.

"ఏమన్నా, ఇంత పొద్దన్నే?"

"పార్టీకి నీ కళ్ళె కావల్లప్పా."

"రక్తమే ఇస్తానన్నా, కళ్ళెదేముండాది!" అని గంగాధర భక్తిగా దగ్గి ఉమ్మినాడు.

మూడోనాడు రిపోర్టొచ్చింది. పాజిటివ్.

"అది నాది కాదు మేడం, గంగాధరది!"

"మీ పేరు మీద ఎందుకుందండీ?"

మూడు పార్టీల అనుభవం కదిరప్పకు అక్కరకొచ్చింది. "పేదోడు మేడం. పేరు బయటపడితే సిగ్గుపడతాడని నా పేరు రాయించినా."

కదిరప్ప వెంట వచ్చిన విలేకరి రాసుకున్నాడు. మర్నాడు జిల్లా పేజీలో ఫోటోతో పడింది: 'కార్యకర్త కళ్ళె స్వయంగా మోసిన నేత'. గంగాధరకు మాత్రలు మొదలైనాయి. కదిరప్పకు టికెట్టొచ్చింది. "మీది ఇంకా ఇవ్వలేదండీ" అని రెండుసార్లు గుర్తుచేసిన డాక్టరమ్మకు ధర్మవరం బదిలీ అయింది. ఆమెకు శాలువా కప్పినవాడు కదిరప్పే.

గెలిచినాక క్షయ నివారణ కమిటీకి అధ్యక్షుణ్ణి చేసినారు. ఇంటింటి సర్వే కదిరప్ప వెంటే నడిచింది. పరీక్ష అయిన తలుపు మీద నర్సు నీలావతి సుద్దముక్కతో టిక్కు పెట్టేది. అధ్యక్షులవారి తలుపుకు మొదటి టిక్కు లోపలికి పోకుండానే పెట్టింది.

పక్కింటి కుళ్ళాయమ్మ గడపలో నిలబడి అడిగింది: "ఏమప్పా కదిరప్పా, మా ఇంట్లో పిల్లి తప్ప అందురితోనూ దగ్గిస్తిరి. పొద్దస్తమానం దగ్గు ఇనబడేది మీ ఇంట్లోంచి గదా. నిన్నెవురు చూసినారు?"

"చూసేటోణ్ణి నేనే గదవ్వా" అని నవ్వబోయినాడు. దగ్గు తన్నుకొచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తీసి చూసుకుని, ఎర్రటి మరక లోపలికి పోయేట్టు మడిచి జేబులో పెట్టినాడు.

"ఊఁ, తర్వాతి ఇల్లు పదండి" అన్నాడు.