నలభై లోపు సంగీత నాటకం

సంగీతానికి అతి పెద్ద శత్రువు శబ్దమేనని లోకంలో మొట్టమొదట కనిపెట్టిన ఘనత ఆ కళాశాలకే దక్కాలి. (లోకం ఇంకా గుర్తించలేదు. గుర్తించమని కోరుతూ లోకానికి దరఖాస్తు వెళ్ళింది.)

కనిపెట్టడానికి కారణం ఒక గోడ. ఏటేటా విద్యార్థులు సంగీత నాటకం ఆడే పెద్ద హాలుకూ పరీక్షల విభాగానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క గోడే. అవతల ఏడాది పొడుగునా పరీక్షలు. అసలు పరీక్షలు, అవి తప్పినవాళ్ళకు పరీక్షలు, అవీ తప్పినవాళ్ళకు మళ్ళీ పరీక్షలు. గోడలకు చెవులుంటాయని పెద్దలు మాటవరసకు అన్నారు గానీ, కళాశాల దాన్ని పదిహేడో నిబంధనగా రాసుకుంది. హాలులో జరిగే ఏ కార్యక్రమంలోనూ శబ్దం నలభై దాటరాదు. నలభై అంటే ఎంతని ఎవరో అడిగితే, లైబ్రరీలో పుస్తకం మూసినంత అని లిఖితపూర్వకంగా జవాబు వచ్చింది. (లావు పుస్తకం కాదు.)

ఈ నలభైని కంటికి రెప్పలా కాపాడడానికి ఒక శబ్ద నియంత్రణాధికారిని వేశారు. ఆయన మెడలో తాడుకు ఒక మీటరు వేలాడుతూ ఉంటుంది. శబ్దం నలభై దాటగానే అది ఎర్రగా వెలిగి కీచుమని అరుస్తుంది. (ఆ అరుపు తొంభై. దానికి మినహాయింపు ఉంది.) పిల్లలు ఆయన్ను ష్షు గారంటారు, ఆయన వినకుండా. ఆయన వినకుండా ఏదైనా అనడంలో ఆ కళాశాల పిల్లలు ఆరితేరారు.

నాటకం బాధ్యత బోటనీ మాస్టారిది. సంగీతం మాస్టారి పోస్టు పదకొండేళ్ళుగా ఖాళీ. ఖాళీని కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి కాబట్టి ఆయనకు అప్పగించారు.

ఆ ఏడు మహారాణి వేషానికి ఇరవై ముగ్గురమ్మాయిలు వచ్చారు. ఇరవై ఇద్దరు పాడారు, ఇరవై రెండుసార్లు మీటరు అరిచింది. ఆఖర్న మిగిలింది పల్లెటూరి బడిలో చదివి ఆ ఏడే చేరిన ఒక అమ్మాయి. నలుగురి ముందు నిలబడితే గొంతు గడప దాటదు. అందుకని క్లాసులో ఆమెకు గుసగుస అని పేరు పెట్టారు. గుసగుస నోరు తెరిచింది. మీటరు ముప్ఫై ఒకటి చూపించింది. ఆ ముప్ఫై ఒకటీ ఫ్యానుది.

మహారాణి వేషం ఆమెకే ఇచ్చారు.

"మాస్టారూ, నేను అసలు పాడలేదండీ," అంది గుసగుస.

"అదే కదమ్మా అందరికీ నచ్చింది."

"పాట వచ్చండీ నాకు. ఇంట్లో పాడతాను. ఇక్కడ నోరు పెగల్లేదు, అంతే."

"పెగలనివ్వకు," అన్నారు బోటనీ మాస్టారు. "మొక్కల్ని చూడు. ఒక్కటైనా గొంతెత్తిందా? అయినా ఎంతెంత ఎత్తు పెరుగుతున్నాయో."

ఇంట్లో పాడుతుందన్నది నిజం. వాళ్ళమ్మ ఒక రేకుల షెడ్డులో, అరవై మిషన్ల మధ్య కూర్చుని బడి సంచులు కుడుతుంది. ఇరవై ఏళ్ళలో ఆ మిషన్లు ఆమె ఎడమ చెవిని తినేశాయి. కుడిది కూడా మూటాముల్లె సర్దుకుంటోందని డాక్టరు చెప్పాడు. అంచేత ఆ ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా కేక వెయ్యాల్సిందే. గుసగుస వంటింట్లో పాట ఎత్తుకుంటే నాలుగిళ్ళ అవతల ఊగుతున్న ఉయ్యాల ఆగేది.

"పదిమందిలో నువ్వు పాడుతుంటే ఒక్కసారి వినాలే," అనేది వాళ్ళమ్మ. "ఈ చెవి ఉండగానే. పోయాక వచ్చి కూర్చుంటే కుర్చీకి బరువు తప్ప ఏముంది."

కూతురు మహారాణి అయిందని తెలియగానే ఆమె సూపర్‌వైజరును మూడుసార్లు అడిగి ఒక పూట సెలవు సంపాదించింది.

సాధన నలభై రోజులు సాగింది. నలభై రోజులూ నోళ్ళు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. కీబోర్డు అబ్బాయి ప్లగ్గు పెట్టకుండా వాయించాడు. యుద్ధం దిండ్లతో జరిగింది. ఒకరోజు బోటనీ మాస్టారు చెయ్యెత్తి అందర్నీ ఆపి, "ఇక్కడ స్వరం తప్పింది," అన్నారు. కీబోర్డు అబ్బాయి సిగ్గుపడి క్షమాపణ చెప్పాడు.

ప్రదర్శనకు వారం ఉందనగా గుసగుస ధైర్యం చేసి ష్షు గారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఆ రోజైనా పాడొచ్చాండీ?"

"పాడడానికి వేరే ఫారం ఉందమ్మా. సంగీతం మాస్టారు సంతకం పెట్టాలి."

"సంగీతం మాస్టారు లేరు కదండీ."

"అందుకే ఫారాలన్నీ కొత్తగా ఉన్నాయి," అని ఆయన సొరుగు లాగి చూపించారు. నిజంగానే కొత్తగా ఉన్నాయి.

ఆమెకు బాధ కలిగింది. నలుగురి ముందు పాడనక్కర్లేదని, బాధ చాటున కాస్త హాయి కూడా కలిగింది. అమ్మను రావద్దని చెబుదామని హాస్టలు నుంచి ఫోను చేసింది. అమ్మకు ఫోనులో ఏదీ వినబడదు. "ఆఁ ఆఁ, ముందు వరుసలోనే కూర్చుంటాలే," అని అటునుంచి కేక వినిపించింది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం మూడింటికి తెర లేచింది. (దాని కప్పీలకు ముందురోజే నూనె పట్టించారు.) ముందు వరుసలో ప్రిన్సిపాలు, పక్కన ష్షు గారు, రెండు కుర్చీల అవతల కుడిచెవి వేదిక వైపు తిప్పుకుని వాళ్ళమ్మ. రాజు వేషం వేసిన ఆఖరి సంవత్సరం అబ్బాయి ఛాతీ విరుచుకుని ఏడు నిమిషాల పాట పెదవులతో పాడాడు. ప్రేక్షకులు నిబంధన ప్రకారం చేతులు గాల్లో ఊపి మెచ్చుకున్నారు. ప్రిన్సిపాలు గారి ముఖం వెలిగిపోయింది. ఇంత క్రమశిక్షణ గల సంగీతం ఆయన ఎన్నడూ వినలేదు.

గుసగుస మాత్రం వాళ్ళమ్మనే చూస్తోంది. అమ్మ మొదట నవ్వుతూ కూర్చుంది. కాసేపటికి చెవిలో చిటికెనవేలు పెట్టి తిప్పుకుంది. తర్వాత అరచేత్తో చెవిని తట్టుకుంది. పనిచెయ్యదని తెలిసీ ఎడమ చెవిని కూడా తిప్పి చూసింది. చుట్టూ చూస్తే అందరూ తలలూపుతున్నారు. అంటే అందరికీ వినబడుతోంది.

అమ్మ ఇక చెవిని తట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కూతురి పెదవుల వైపు కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. మిగిలిన జీవితమంతా ఇలాగే చూడాలి కదా అని ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నట్టు.

మహారాణి రాజ్యం పోగొట్టుకుని వేదిక అంచుకు వచ్చి పాడే ఘట్టం అది. గుసగుస సాధన చేసినట్టే నోరు తెరిచింది. మీటరు ముప్ఫై ఒకటి. హాలులో నాలుగు వందల మంది. ఆమెకు ఒక్క కుడిచెవి తప్ప ఏమీ కనిపించలేదు.

పాట ఎత్తుకుంది. వంటింట్లో ఎత్తుకున్నట్టు.

మీటరు కీచుమంది. ష్షు గారు లేచారు. మీటరు అరుపు కూడా వినబడనంతగా పాట సాగింది.

"వినబడుతోందే అమ్మలూ," అని వాళ్ళమ్మ షెడ్డు గొంతుతో కేకేసింది. "నా చెవి బాగానే ఉందే! నువ్వు ఆపకు."

గుసగుస ఆపలేదు. గోడకవతల మళ్ళీ మళ్ళీ తప్పినవాళ్ళ పరీక్ష జరుగుతోంది. ఆ నాలుగు నిమిషాలూ అక్కడ ఒక్కడు కూడా పక్కవాడి పేపరు చూడలేదట. (నివేదికలో ఈ సంగతి రాయలేదు.)

ఉత్తమ గాయకుడి బహుమతి రాజుకు వచ్చింది. అతను ఆద్యంతం ముప్ఫై ఒకటి దాటలేదు. బోటనీ మాస్టారు గుసగుసను వరండాలో ఆపి, అటూ ఇటూ చూసి, "బాగా పాడావమ్మా," అన్నారు. ముప్ఫై లోపే అన్నారు.

మూడోరోజు ఆమెకు సంజాయిషీ ఫారం అందింది. సంగీత నాటకంలో ఎందుకు పాడవలసి వచ్చింది? (అ) మతిమరుపు (ఆ) అనారోగ్యం (ఇ) ఇతరుల ప్రోద్బలం (ఈ) ఇతర కారణాలు. చివరిదానికి రెండువేళ్ళ జాగా ఉంది. గుసగుస అందులో గుండ్రటి అక్షరాలతో రాసింది: "మా అమ్మ తనకు చెవుడు వచ్చేసిందనుకుంది."

కళాశాల క్రమశిక్షణ సంఘం ఆ వాక్యం మీద మూడుసార్లు సమావేశమైంది. అమ్మాయి తప్పేమీ లేదని, లోపం నిబంధనల్లోనే ఉందని పెద్ద మనసుతో ఒప్పుకుంది. సవరించిన నిబంధన ఇప్పటికీ హాలు తలుపు మీద అంటించి ఉంది:

ఇకపై సంగీత నాటకాలకు తల్లులను అనుమతించరాదు. (తండ్రుల విషయం పరిశీలనలో ఉంది.)