యాయత్ ఇల్లు మారిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం యాయత్ పెట్టుకున్నది చాలా చిన్న పని. భార్య నినింగ్ బజారుకు వెళ్లగానే కిటికీ దగ్గర కూర్చుని, కాఫీ తాగుతూ, వాన మొదలయ్యేలోపు ఇల్లు మారాలి. వాళ్లుండే బోగోర్ ఊళ్లో మధ్యాహ్నం దాటాక వాన రాకపోతే జనం ఆకాశం వైపు అనుమానంగా చూస్తారు. కాబట్టి గడువు ఎప్పటికో అతనికి బాగానే తెలుసు.

మారాల్సిన ఇల్లు ఫోనులో ఉంది. యాయత్ నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. పగలంతా ఎండిన కుళాయిల మీద ఫిర్యాదులు విని, సాయంత్రం ఇంటికొచ్చి వాన గురించి రాసుకుంటాడు. అతను రాసుకునే చోటికి పెద్ద కంపెనీ ఏదీ యజమాని కాదు. చిన్న చిన్న సర్వర్లు లెక్కలేనన్ని ఉంటాయి, ఒక్కోదాన్ని ఎవరో ఒకరు సరదా కొద్దీ నడుపుతుంటారు. కుట్టుపని వాళ్లకొకటి, రైళ్ల పిచ్చివాళ్లకొకటి, వాన ఇష్టపడేవాళ్లకొకటి. ఒకచోట రాసిన మాట నచ్చితే ఇంకోచోటి వాళ్లు దాన్ని తమ వాళ్లకు చూపిస్తారు. ఆ సర్వర్లను అక్కడివాళ్లు ముద్దుగా ఇళ్లు అంటారు. యాయత్ ఉంటున్న వాన ఇంటిని నడిపే ఆయనకు ఓపిక అయిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మూసేస్తున్నాను, అందరూ వేరే ఇల్లు చూసుకోండి అని చెప్పేశాడు.

అందుకని శనివారం సాయంత్రం యాయత్ తన కిటికీ ఫొటో పెట్టి, కింద ఇలా రాశాడు: "మిత్రులారా, రేపు పొద్దున ఇల్లు మారుతున్నాను. ఇన్నేళ్లూ ఈ కిటికీలోంచి మీతో కలిసి వాన చూశాను. చెప్పకుండా వెళ్లిపోతే మనసుకు బాగుండదు. మీరూ నా వెంట వస్తే అంతకంటే ఏం కావాలి."

ఆ మాటలు వాన ఇంటి నుంచి కవితల ఇంటికి, అక్కడి నుంచి కుట్టుపని ఇంటికి చేరాయి. కుట్టుపని ఇంట్లో తార్సి అనే ఆవిడ ఉంది. ఆమె యాయత్ ఉండే సందులోనే దర్జీ పని చేస్తుంది. ఎవరు రాశారో ఆమెకు తెలియదు గాని, ఫొటోలోని కర్టెన్లను చూడగానే గుర్తుపట్టింది. అవి కుట్టింది తనే. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. కాస్త కళ్లనీళ్లు పెట్టుకుని, చెప్పులేసుకుని సందు పెద్ద ఎంకోస్ ఇంటికి వెళ్లింది.

ఆదివారం ఉదయం సందు జనమంతా కలిసి కాలువలు శుభ్రం చేసే వేళ. చేతులకు తొడుగులు, భుజాన పారలు వేసుకుని అందరూ సిద్ధంగానే ఉన్నారు. ఎంకోస్ కూరగాయలు తోలే తన పికప్ బయటికి తీశాడు. సందంతా వెనక నడిచింది.

యాయత్ అప్పటికే పని మొదలుపెట్టాడు. తలుపు దగ్గర ఎంకోస్ గొంతు వినిపించింది.

"ఇల్లు మారుతున్నావటగా. మాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

యాయత్‌కు ఎంతో సంతోషం కలిగింది. ఎంకోస్ లాంటి పెద్దమనిషి కూడా ఆ లోకంలోకి వచ్చాడన్నమాట. "చెబుదామనే అనుకున్నాను బాబాయ్. ఇలాంటివి మీకు పట్టవేమోనని."

"పట్టకపోవడమేంటి నాయనా. సామాను ఎక్కువుందా?"

"ఏమంత లేదు. అయినా పాతవేవీ కొత్తచోటికి రావు. ఇక్కడే వదిలెయ్యాలి. అక్కడి పద్ధతి అది."

ఎంకోస్ గదిలోని మంచాన్ని, చెక్క బీరువాను ఒకసారి చూశాడు. "అలా ఎలా వదిలేస్తావు? మేం లేమా? మరి మనుషులో?"

"మనుషులు మాత్రం వస్తారు. నేను మీట నొక్కితే చాలు, వాళ్లంతట వాళ్లే వెంట వచ్చేస్తారు."

"నువ్వు నొక్కకపోయినా వస్తాం," అన్నాడు ఎంకోస్. తర్వాత బయటికి తిరిగి చెయ్యి ఊపాడు.

యాయత్ మళ్లీ ఫోనులో మునిగిపోయాడు. వెనక ఏవో చప్పుళ్లు, "మెల్లగా, మెల్లగా" అనే మాటలు వినబడుతూనే ఉన్నాయి. కాలువ పనేమో అనుకున్నాడు. "కొంచెం ఆ కుర్చీ ఇస్తావా?" అని ఎవరో అడిగితే లేచి ఇచ్చేసి నిలబడే పని చేసుకున్నాడు. చివరి మీట నొక్కాడు. పాత ఇంటికి తాళం పడింది. కొత్త ఇంటి నుంచి "మీ దరఖాస్తు అందింది, అనుమతి వచ్చేదాకా ఆగండి" అని జవాబొచ్చింది. తృప్తిగా తలెత్తి కిటికీలోంచి చూశాడు. తన మంచం గాల్లో తేలుతూ అటు పోతోంది.

దాని వెనకే నినింగ్ బట్టల పెట్టె, తర్వాత ఊరగాయ జాడీలు. నినింగ్ ఇంటి ముందు బల్ల వేసి ఉప్పూకారాల్లో ఊరిన పుల్లటి పండ్ల ముక్కలు అమ్ముతుంది. ఆ జాడీలంటే ఆమెకు ప్రాణం. యాయత్ వాకిట్లోకి పరిగెత్తి నోరు తెరిచేసరికి బజారు సంచితో నినింగ్ ఎదురైంది. పికప్‌ను చూసింది, జాడీలను చూసింది, చివరికి మొగుణ్ని చూసింది.

"ఇల్లు దొరికిందా?" అని నెమ్మదిగా అడిగింది. "నాకు చెప్పకుండా దాచారా?"

యాయత్ ఫోను జేబులో దాచుకున్నాడు.

"నాలుగు రోజుల్నించి ఫోను చూసి మీలో మీరే నవ్వుకుంటుంటే ఏదో ఉందనే అనుకున్నాను." ఆమె గడప మీద కూర్చుని తలగుడ్డ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంక వాన పడితే లేచి కప్పు కారే చోటల్లా గిన్నెలు పెట్టక్కర్లేదు."

ఆ ముఖం చూశాక నిజం చెప్పడానికి ఎంతో గుండె ధైర్యం కావాలి. అంత ధైర్యం యాయత్ దగ్గర లేదు. ఈలోగా సందులో కబురు విని, వాళ్ల అద్దె ఇంటి యజమానురాలు వచ్చి తాళంచెవి తీసుకుంది. ఆమె వెనకే కొత్తగా పెళ్లయిన మేనల్లుడూ అతని భార్యా చాప, దిండు పట్టుకుని లోపలికి వెళ్లారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ, "కర్టెన్లు వదిలేసి వెళ్తున్నందుకు థాంక్సండీ," అంది.

పికప్ కదిలింది. ముందు ఎంకోస్, నినింగ్, యాయత్. వెనక పరుపు మీద తార్సి. ఆ వెనక మోటారు సైకిళ్ల మీద సందంతా.

"ఎటు?" అన్నాడు ఎంకోస్.

"ఎడమకు," అన్నాడు యాయత్. ఎటో ఒక వైపు చెప్పాలి కదా.

ఎడమకు తిరిగితే వృక్షోద్యానం చుట్టూ ఉన్న రోడ్డు. దాని మీద అందరూ ఒకే దిక్కున తిరగాలి. పొడవాటి గోడ, గోడ మీదుగా వంగిన పెద్ద చెట్లు, వాటి కింద పచ్చటి నీడ. నినింగ్ తనలో తాను కలగంటున్నట్టు మాట్లాడుతూ ఉంది. వంటగదికి తూర్పు వెలుగు వస్తుందా, ఇంటి ముందు జాడీల బల్లకు చోటుందా, ఎండవేళ ఆ బల్ల మీద నీడ పడుతుందా. యాయత్ అన్నిటికీ తల ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఆ ఇల్లు అతనికీ కనిపించసాగింది. దానికి ఆకుపచ్చ తలుపు కూడా ఉంది. అది ఏ వీధిలో ఉందో ఒక్కటే కనిపించలేదు.

గోడ అయిపోయింది. మళ్లీ మొదలైంది. ఉద్యానం గేటు ముందు పళ్లమ్మే ఆయన మొదటిసారి వాళ్లను చూసి ఊరుకున్నాడు. రెండోసారి చెయ్యి ఊపాడు. మూడోసారి అరటి గెల ఎత్తి చూపించాడు. ఎంకోస్ బండి నడుపుతూనే ఉన్నాడు. ఏ దారిన వెళ్లాలో చిన్నవాళ్లు పెద్దవాళ్లను అడగడం మర్యాద గాని, పెద్దవాడే చిన్నవాణ్ని మాటిమాటికీ అడగడం బాగుండదని అతని అభిప్రాయం.

అప్పుడు వాన వచ్చింది. ఎంకోస్ బండి ఆపి, సామాను మీద టార్పాలిన్ కప్పడానికి దిగాడు. లోపల మొగుడూ పెళ్లాలు మిగిలారు. పైన రేకు మీద వాన చప్పుడు. అద్దం మీద చెట్లన్నీ కరిగిపోయి కిందికి జారుతున్నాయి.

"నినింగ్, ఇల్లు లేదు," అన్నాడు యాయత్. జరిగిందంతా చెప్పాడు.

ఆమె ఒళ్లోని బజారు సంచిని కింద పెట్టింది. "అయితే కొత్త ఇల్లు ఫోనులో ఉంది."

"అవును."

"దానికి వంటగది లేదు."

"లేదు."

"అందులోకైనా రానిచ్చారా?"

"ఇంకా అనుమతి రాలేదు."

ఆమె కోపంగా అరిచి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. "వాన పడినప్పుడల్లా మీరు కిటికీ దగ్గర కూర్చుని రాసేవారు," అంది నినింగ్. "నేను గిన్నె నిండితే బకెట్టు, బకెట్టు నిండితే తొట్టి పెట్టేదాన్ని. ఒక్కరోజైనా వెనక్కి తిరిగి చూశారా?"

 ఇన్నేళ్లు వాన గురించి రాసిన వాటిలో ఒక్కచోట కూడా గిన్నె లేదని యాయత్‌కు అప్పుడే తట్టింది.

నినింగ్ తలుపు తీసుకుని వానలోకి దిగింది. అందరికీ వినబడేలా, "మాకు ఇల్లు లేదండీ. ఈయన మారింది ఫోనులో," అంది.

రెయిన్‌కోట్ల గుంపు కదలకుండా నిలబడిపోయింది. ఎంకోస్ టార్పాలిన్ తాడు వదిలేశాడు. "అయితే నన్ను మూడు చుట్లు ఎందుకు తిప్పావయ్యా?"

"మీరు మళ్లీ అడగలేదు బాబాయ్."

"అడిగితే ఏమనుకుంటావోనని."

పరుపు మీంచి తార్సి మెల్లగా దిగింది. తప్పు చేసినదానిలా తల వంచుకుంది. "నినింగ్ చెల్లీ, నేనొకటి చెప్పనా? వాన పడితే మీ గిన్నెల చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తుంది. మా మేడ ఎప్పట్నుంచో ఖాళీగా ఉంది. రమ్మని పిలుద్దామని ఎన్నిసార్లు మీ వాకిలిదాకా వచ్చానో. మీ ఇల్లు బాగాలేదని ఎత్తిచూపినట్టు ఉంటుందని పండ్ల ముక్కలు కొనుక్కుని వెనక్కి వెళ్లిపోయేదాన్ని."

"అందుకా అన్ని కొనేవారు?" అంది నినింగ్.

"నాకు పులుపు పడదమ్మా," అంది తార్సి.

నినింగ్ ముందు నవ్వింది. తర్వాత ఎంకోస్ నవ్వాడు. బళ్లన్నీ వెనక్కి తిరిగి, పొద్దున బయల్దేరిన సందులోకే వచ్చాయి. మంచం, బీరువా, జాడీలు నాలుగిళ్ల అవతల ఉన్న మేడ ఎక్కాయి. తార్సి అందరికీ పసుపన్నం వండింది. ఆ వేళ వాన ఎంత కురిసినా నినింగ్ కుర్చీలోంచి లేవలేదు. వానలో తడిసిన సామాను తుడవడం యాయత్ వంతైంది.

సాయంత్రానికి ఫోనులో అనుమతి వచ్చింది. కొత్త ఇల్లు నడిపే ఆయన ఆప్యాయంగా, "స్వాగతం. చాలామందికి ఇల్లు మారడం చిక్కుగా ఉంటుంది. మీకేమైనా ఇబ్బంది కలిగిందా?" అని అడిగాడు.

ఏమీ లేదు, ఇరుగుపొరుగు తలా ఒక చెయ్యి వేశారని యాయత్ రాశాడు.