ఆరు పెట్టెలకు ఒకటే టీవీ

ఆ ఉదయం ఇంట్లో అందరికీ ఒకటే పని. పదకొండింటికి అత్తగారు టీవీలో కనబడతారు, అందరూ కూర్చుని చూడాలి. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. 'పిల్లలు అబద్ధాలెందుకు ఆడతారు' అన్న విషయం మీద ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడమని ఒక చానెల్ వాళ్ళు పిలిచారు. పెద్ద టీవీ ఉన్నది చిన్నల్లుడి ఇంట్లోనే కాబట్టి మామగారూ, పెద్దల్లుడూ అక్కడికే వస్తున్నారు.

"అమ్మను స్టూడియోలో దింపి, నాన్నగారినీ బావగారినీ తీసుకొస్తాను. అంతవరకూ ఆ టీవీ జోలికి వెళ్ళకండి," అంది భార్య చెప్పులు వేసుకుంటూ.

"నాకేం పని?" అన్నాడు చిన్నల్లుడు.

పని ఉంది. లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరైన అతనికి వీడియో గేములంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. కొన్న ఆటల పెట్టె, అదే కన్సోల్, ఒక్కటీ పారేయలేదు. మొత్తం ఆరు పోగయ్యాయి. టీవీకి మిగిలిన సాకెట్ మాత్రం ఒకటే. ఒకటి ఆడాలంటే ఇంకోటి పీకాలి. ఆ బాధ తీరడానికి ఓ స్విచ్ పెట్టె తెప్పించాడు. ఆరింటినీ దానికి తగిలిస్తే, చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ మీట నొక్కగానే ఏ కన్సోల్ మేలుకుంటే టీవీ దానంతటదే అటు తిరుగుతుంది. తోడల్లుడు వచ్చేసరికి ఇదంతా అమర్చి, మాటల్లో మాటగా చూపించాలని అతని ఆశ. పోయినసారి తోడల్లుడు ఈ ఇంట్లోనే మిక్సీ బాగుచేసి వెళ్ళాడు. ఆ పొగడ్తలు చిన్నల్లుడి చెవుల్లో ఇంకా గింగురుమంటున్నాయి.

టీవీ వెనక దూరాడు. అన్నీ నల్ల వైర్లే, ఏ తోక ఏ పాముదో తెలియలేదు. మోచెయ్యి గీరుకుంది. జుట్టుకు బూజు అంటుకుంది. ఎలాగో అన్నీ తగిలించి లేచేసరికి గుమ్మం దగ్గర గంట మోగింది. చేతిలోని కంట్రోలర్‌ను సోఫా దిండు కిందికి తోసి తలుపు తీశాడు.

మామగారు వచ్చి సరిగ్గా ఆ దిండు మీదే కూర్చున్నారు.

కార్యక్రమం మొదలైంది. అత్తగారు తెర నిండా కనబడ్డారు. యాంకర్ మొదటి ప్రశ్న అడిగింది. అత్తగారు నోరు తెరిచారు. మామగారు సంబరంగా ముందుకు జరిగారు. తెర నల్లబడి, ఓ ఎర్రకారు రయ్యిమని దూసుకొచ్చింది.

"ఇదేంటి?"

"ప్రకటన, మామయ్యగారూ," అంటూ చిన్నల్లుడు రిమోట్ నొక్కాడు. అత్తగారు తిరిగొచ్చారు. మామగారు హమ్మయ్య అని వెనక్కి ఆనుకున్నారు. మళ్ళీ కారు. ఈసారి కింద పెద్ద అక్షరాలు కూడా.

"'స్వాగతం, మృత్యుసింహం'," అని పైకి చదివాడు తోడల్లుడు. "ఎవరు తమ్ముడూ ఈ మృత్యుసింహం?"

అది చిన్నల్లుడు ఆటల కోసం తనకు తానే పెట్టుకున్న పేరు. వైర్లు పీకేస్తే పోయేది. కానీ పీకాలంటే తగిలించానని ఒప్పుకోవాలి. భార్య అప్పటికే అతని జుట్టులోని బూజు వైపు చూస్తోంది.

"ఎవరో చానెల్‌ని హ్యాక్ చేసినట్టున్నారండీ," అన్నాడు.

"హ్యాకా! మీ అత్తగారు అక్కడే ఉందయ్యా!" మామగారు అదిరిపడి లేచి, అంతలోనే కూలబడ్డారు. కారు ఇంకోసారి గర్జించింది. ప్రేక్షకులు ప్రశ్నలడిగే నంబరు ఆయన దగ్గరుంది. ఎవరూ ఫోన్ చేయకపోతే మీరైనా చేయండని అత్తగారే ఇచ్చి వెళ్ళారు. చెవి కాస్త మందం కాబట్టి స్పీకర్ పెట్టి మరీ కలిపారు. చిన్నల్లుడు "వద్దు మామయ్యగారూ" అనేలోపే లైను దొరికింది.

"హలో! మీ చానెల్‌ని మృత్యుసింహం అనేవాడు పట్టుకున్నాడమ్మా! ముందు మా ఆవిణ్ణి బయటికి పంపించేయండి!"

"సార్, మీరెవరు? ఎవరు పట్టుకున్నారు?" యాంకర్ కంగారుగా అడిగింది. ఎదురింటి కిటికీలోంచి అవే మాటలు ఒక్క క్షణం ఆలస్యంగా మళ్ళీ వినబడ్డాయి. వాళ్ళూ ఇదే చూస్తున్నారు.

"కంగారు పడకమ్మా," అన్నారు ఫోన్‌లోంచి అత్తగారు. "మృత్యుసింహం మా చిన్నల్లుడే. వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఆ పేరు చూశాను. ఏమండీ, అతనేమంటున్నాడు?"

"తనకేం తెలీదంటున్నాడు. తప్పంతా చానెల్ వాళ్ళదేనట."

"విన్నావా? ఇందాక నువ్వడిగిన ప్రశ్నకి ఇదే జవాబు. తిడతారన్న భయంతోనే అబద్ధమాడతారు. అలాంటప్పుడు పిల్లాణ్ణి కసురుకోకూడదు. దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా అడగాలి."

"బాబు వయసెంత మేడమ్?"

"నలభై రెండు."

'నలభై రెండు' అంది ఎదురిల్లు. వెనకే నవ్వులు.

భార్య తండ్రిని లేపి, దిండు కింద తడిమి, కంట్రోలర్ తీసి మొగుడి చేతిలో పెట్టింది. తోడల్లుడు వెళ్ళి వైర్లు పీకి వచ్చాడు. ఇంతకంటే ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండుననిపించింది చిన్నల్లుడికి. మిగతా కార్యక్రమం వంటింట్లో నిలబడి విన్నాడు. అత్తగారు గలగలా మాట్లాడుతున్నారు. అతను దాహం లేకపోయినా నీళ్ళు తాగుతున్నాడు.

మధ్యాహ్నం ఆవిడ రాగానే ఎదురెళ్ళాడు. "తప్పయిపోయింది అత్తయ్యగారూ. పదిమందిలో మీ పరువు తీశాను."

ఆవిడ అటూ ఇటూ చూసి అతన్ని వంటింట్లోకి లాక్కెళ్ళారు. "మెల్లగా నాయనా! పరువు నిలబెట్టిందే నువ్వు. మొదటి ప్రశ్నకే నాకు నోరు పెగల్లేదు. నీళ్ళు తాగాను, దగ్గాను, పనిచేసిన బడి పేరు కూడా తప్పు చెప్పాను. మీ మామగారి ఫోన్ రాకపోతే లేచి వచ్చేసేదాన్నే. ఇంతకీ ఆ మొదటి భాగం మనవాళ్ళెవరూ చూడలేదుగా?"

"కారు తప్ప ఏమీ చూడలేదండీ."

"బతికించావు. కానీ సాయంత్రం మళ్ళీ వేస్తారట. మీ మామగారు అప్పుడే అందరికీ చెప్పేశారు." ఆవిడ గొంతు తగ్గించారు. "అమ్మాయి ఫోన్‌లో చెప్పిన ఆ పెట్టెలన్నీ మళ్ళీ తగిలించగలవా?"

తన 'నలభై రెండు' కూడా మళ్ళీ వస్తుందని అతనికప్పుడు తట్టింది. వెంటనే టీవీ వెనక దూరాడు. "ఇంకా బుద్ధి రాలేదా?" అని భార్య మీదికొస్తే, "నేనే చెప్పానులేవే," అన్నారు అత్తగారు.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. ఎదురింటివాళ్ళు కూడా వచ్చారు. చిన్నల్లుడు కంట్రోలర్‌ను వీపు వెనక దాచుకుని గోడవార నిలబడ్డాడు. తెర మీది అత్తగారు నీళ్ళ గ్లాసు అందుకోగానే, సోఫాలోని అత్తగారు కళ్ళతో సైగ చేశారు. అతను నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. పొద్దున మామగారి కింద నలిగిన కంట్రోలర్‌లో చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది.

ఆ సాయంత్రం బొమ్మ ఒక్క క్షణం కూడా చెదరలేదు.