మేనేజరు గారి దవడ మొద్దుబారిన శనివారం

ఆ శనివారానికి డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే క్లినిక్ తెరవాలి, వచ్చిన ఇద్దరు ముగ్గురి పళ్లు చూసి మధ్యాహ్నానికల్లా మూసేయాలి, సాయంత్రం పడకగది కిటికీకి తెరలు కొనాలి. కాపురం పెట్టిన దగ్గర్నుంచి ఆ కిటికీకి పాత దుప్పటే తెర. తెల్లవారగానే ఎండ ఆ దుప్పటి పక్కనుంచి దూరి తిన్నగా వచ్చి ఆమె భర్త ముక్కు మీద కూర్చునేది. ఆ ముక్కు మిలమిలా మెరుస్తుంటే చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా, ముచ్చటకైనా ఒక హద్దుండాలి. ఎదురింటివాళ్లు కూడా చూస్తున్నారు మరి.

ఇన్నాళ్లూ తెరలు రాకపోవడానికి కారణం ఫుట్‌బాల్. భర్త సర్వేయరు. వారమంతా ఊరి చుట్టూ స్థలాలు కొలుస్తాడు, శనివారం ఊరి జట్టు ఆట చూస్తాడు. జట్టు ఓడిపోతుంది. ఆ సాయంత్రం మనిషి సోఫాలో అడ్డంగా పడి, తెరల మాటెత్తితే చాలు, "తెరలెందుకే, బతుకంతా చీకటేగా" అంటాడు.

"ఇవాళైనా గెలుస్తారా?" ఒకే గ్లాసులో ఒరుసుకుని నిలబడ్డ రెండు బ్రష్షుల్లోంచి తనది తీసుకుంటూ అడిగింది.

"ఎలా గెలుస్తారు? మధ్యలో మనిషంటూ ఉంటేగా! ఇవాళ గెలవకపోతే కింది డివిజన్‌కి జారిపోతాం. ఆ మేనేజరు గీత పక్కన నిలబడి 'ముందుకు! ముందుకు!' అని అందర్నీ తోలేస్తాడు. అటు చివర అరడజను మంది, ఇటు చివర నలుగురు. మధ్యలో ముప్పావు ఎకరం బీడు! హద్దురాళ్లు పాతి ప్లాట్లుగా అమ్ముకోవచ్చు."

ఆ మేనేజరుని ఊరంతా 'మైకు' అంటుంది. మైకు లేకుండానే ఆయన కేక మైదానం దాటి రోడ్డు మీద సైకిళ్లను ఆపుతుంది.

అంతలో ఫోన్ మోగింది. క్లినిక్‌లో సాయంగా ఉండే పిన్నికి మెట్ల మీద మడమ బెణికిందట. డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. క్లినిక్ తెరిచి ఇంకా నెల కాలేదు. పేరు పడాలన్నా, చెడాలన్నా ఇదే అదను.

"నేను లేనూ? మ్యాచ్ మధ్యాహ్నం కదా. పిన్ని పని నేను చేస్తా," అన్నాడు సర్వేయరు ఛాతీ విరుచుకుని.

ఆమెకు ఆ క్షణంలో ఆయన మీద పుట్టిన ప్రేమకు కొలతల్లేవు. అయినా వేలు చూపించింది. "ఒక్క షరతు. క్లినిక్‌లో ఫుట్‌బాల్ మాట ఎత్తకూడదు."

"నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు, మీ జట్టు మీద వెయ్యండి."

వేశాడు.

క్లినిక్ మేడ మీద. కింద సర్వేయరు బాబాయి తాళంచెవుల షాపు. మ్యాచ్‌ల్లో నోట్లో రెండు వేళ్లు పెట్టి ఆయన వేసే ఈల మైకు కేకకు తీసిపోదని ప్రతీతి. భార్యాభర్తలిద్దరూ మెట్లెక్కేసరికి మొదటి రోగి అప్పటికే బెంచీ మీద చెంప పట్టుకుని కూర్చున్నారు. సర్వేయరు చేతిలోంచి తాళాలగుత్తి జారి పడింది. ఆ రోగి, సాక్షాత్తూ మేనేజరు గారు.

"రెండ్రోజులుగా కంటి మీద కునుకు లేదమ్మా," అన్నారాయన. గొంతు తగ్గించే అన్నారు. కిటికీ అద్దాలు మాత్రం కదిలాయి. "మధ్యాహ్నం మ్యాచ్. నొప్పి పోవాలి, కేక మాత్రం పోకూడదు."

"పోదండీ. పిప్పి తీసి శుభ్రం చేస్తాను. మ్యాచ్ వేళకి నోరు మామూలుగా వచ్చేస్తుంది. నాదీ పూచీ," అంది డాక్టరమ్మ.

కింది దవడకు ఎడమవైపు మత్తు సూది ఇచ్చింది. సూది గుచ్చినట్టే తెలియలేదు. మేనేజరు కళ్లు మెచ్చుకోలుగా విప్పారాయి. భార్య చేతి నేర్పు చూసి సర్వేయరు గర్వంతో అంగుళం పొడుగు పెరిగాడు. ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకుని, పెదవులు బిగించి, ఒట్టుకు కట్టుబడి నిలబడ్డాడు. కానీ ఏళ్ల తరబడి ఎవరికోసం మాటలు దాచుకున్నాడో ఆ మనిషి ఎదురుగా నోరు తెరుచుకుని, మారు మాట్లాడలేని స్థితిలో పడుకుని ఉన్నారు. ఋషులకైనా నిగ్రహం నిలిచేది కాదు.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి అటు తిరిగింది.

"సార్, ఒక్క మాట," అన్నాడు సర్వేయరు.

ఆ ఒక్క మాట ఎక్కడ మొదలైందో గానీ, ఆమె వెనక్కి తిరిగేసరికి పనిముట్ల పళ్లెం ఫుట్‌బాల్ మైదానమైపోయి ఉంది. చిట్టి అద్దం గోల్‌కీపరు. కొక్కెపు పుల్లలు నాలుగూ రక్షణ. దూది చుట్టలన్నీ అటు చివర కుప్ప. సర్వేయరు నడుం వంచి, వట్టి చేతులతో ఒక పట్టకారును పళ్లెం నట్టనడుమ పెడుతున్నాడు.

"చూశారా సార్, ఇక్కడ మనిషి లేడు. బంతి మన దగ్గర్నుంచి వాళ్ల దగ్గరికి వెళ్లాలంటే నడిచే దారే లేదు. ఆ ఎడమ పక్కన పరిగెత్తే కుర్రాణ్ణి ఇలా లోపలికి లాగండి. ఇప్పుడు మధ్యలో ఇద్దరయ్యారా? ఒప్పుకుంటారా లేదా?"

"ఆ... ఆ..." అన్నారు మేనేజరు. గొట్టం గొంతులోకి జారుతోందని ఆయన గోల. తల గట్టిగా పైకీ కిందికీ ఊపారు.

"ఒప్పుకున్నారు!" అన్నాడు సర్వేయరు, కళ్లు చెమర్చి.

"ఏమండీ!" అంది డాక్టరమ్మ. "అవన్నీ శుద్ధి చేసి పెట్టినవండీ! చేతులతో ముట్టుకున్నారా? అన్నీనా?"

"గోల్‌కీపర్ని సరిగ్గా ముట్టుకోలేదు..."

పళ్లెం మొత్తం మళ్లీ కడిగి ఆవిరి పెట్టెలో పెట్టాల్సి వచ్చింది. విడిగా ఇంకో జత కొనుక్కునేంత పాత క్లినిక్ కాదది. పెట్టె తన పని తాను నింపాదిగా చేసుకుంది. ఈలోగా మేనేజరు దవడలో మత్తు పలచబడింది. మళ్లీ పని మొదలుపెట్టగానే ఆయన కుర్చీలోంచి జానెడు ఎత్తు లేచారు. ఇక గత్యంతరం లేక రెండో సూది ఇచ్చింది. అది బాగా పట్టింది. పన్ను పని ముగిసేసరికి ఆయన ఎడమ చెంప, పెదవి, నాలుక, మూడూ ఎవరో పరాయివాళ్లవి అన్నట్టు వేలాడుతున్నాయి.

"ఎంఫేపు ఉంటుంభమ్మా?" అన్నారాయన.

డాక్టరమ్మ గోడగడియారం చూసింది. "మ్యాచ్... మొదలయ్యేటప్పటికి కాస్త ఉండొచ్చండీ. పొరపాటున చెంప కొరుక్కోకుండా ఈ రెండు వేళ్లూ ఇలా చెంప మీద ఉంచుకోండి. ఉమ్మి కారితే రుమాలుతో అద్దుకోండి."

మేనేజరు అద్దుకుంటూ మెట్లు దిగారు.

నిజానికి అసలు ముప్పు ఆయనకంటే ముందే మెట్లు దిగింది. పనిముట్లు ఆవిరి పట్టే వేళలో సర్వేయరు కిందికి పరుగెత్తి బాబాయి చెవిలో వేశాడు. "బాబాయ్! మైకు నాతో మాట్లాడాడు! మధ్యలో ఇద్దర్ని పెడతానని ఒప్పుకున్నాడు!"

"నోటితో చెప్పాడా?"

"తల ఊపి చెప్పాడు."

"ఒరే అబ్బాయ్, నోటిమాటకైనా తిరుగుంటుందేమో గానీ తల ఊపితే తిరుగులేదురా!" అన్నాడు బాబాయి. ఆ సమయానికి అక్కడ డ్రెస్సింగ్ రూం తాళానికి మారు చెవి చేయించుకుంటూ ఉన్నది జట్టు కెప్టెన్. చెవి ఆకురాయి మీద ఉంది, అతని చెవులు మాత్రం ఖాళీగానే ఉన్నాయి.

మధ్యాహ్నం డాక్టరమ్మ కూడా మైదానానికి వెళ్లింది. జీవితంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్లడం అదే మొదలు. వెళ్లింది బంతిని చూడటానికి కాదు, ఒక పెదవిని చూడటానికి.

"జట్టు ఓడి, నోరు పడేసింది నేనేనని తెలిస్తే ఇంకేముంది? ఈ ఊళ్లో నా ముందు ఇక ఎవరూ నోరు తెరవరు," అంది, మెడలోని స్కార్ఫు ముక్కుదాకా లాక్కుంటూ.

"తప్పు నాది. నేనే లేచి అందరికీ చెబుతా," అన్నాడు సర్వేయరు. చెప్పేరకమే. ఆ సంగతి తెలుసు గనకే ఆమె ఆయన చొక్కా కొస గట్టిగా పట్టుకుంది.

ఆట మొదలైంది. మేనేజరు గీత దగ్గరికి వచ్చి, గుండెల నిండా గాలి పీల్చి, కేక వేశారు. "మూఁఊఊ" అని ఏదో వచ్చింది. దాని వెనకే ఉమ్మి. ఆయన గబుక్కున రుమాలుతో ఎడమవైపు అద్దుకుని, డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, రెండు వేళ్లు చెంప మీద ఆనించి నిలబడ్డారు.

కెప్టెన్ చూశాడు. ఎడమ చెంప. రెండు వేళ్లు. పొద్దున తాళంచెవుల షాపులో విన్న మాట. ఇంతకంటే సైగ ఏం కావాలి? "ఒరేయ్, లోపలికి రా! మధ్యలో ఇద్దరం!" అని ఎడమ పక్క కుర్రాణ్ణి పిలిచాడు. వాడు ఓసారి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు మళ్లీ అద్దుకున్నారు. వాడు లోపలికి వచ్చేశాడు.

"చూశారర్రా! మావాడు చెప్పిందే!" అని బాబాయి ఈల వేశాడు.

'ముందుకు' అని తోలే కేక లేకపోయేసరికి ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలిచారు. ముప్పావు ఎకరం బీడులో ఇద్దరు మనుషులు సాగు మొదలుపెట్టారు. బంతి ఒకరి కాలు నుంచి ఒకరి కాలికి, పక్కింటికి పంచదార కప్పు వెళ్లినంత మర్యాదగా వెళ్లింది. అయినా గోలు పడలేదు. పైగా అవతలివాళ్లు కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలినప్పుడు జనం గుండెలు ఆగాయి.

"మైకుకి ఏమైందిరా ఇవాళ?" వెనక వరుసలో ఎవరో అన్నారు.

"పళ్ల డాక్టరు దగ్గరికెళ్లాడట."

"ఏ డాక్టరు?"

స్కార్ఫు కళ్లదాకా వెళ్లింది.

సగం ఆట అయ్యాక ఎవరో మేనేజరుకి కాగితం కప్పులో టీ ఇచ్చారు. డాక్టరమ్మ రెప్ప వాల్చకుండా చూసింది. ఆయన గుక్క తాగారు. ఒక్క చుక్క కారలేదు. పెదవి మీద మిగిలినదాన్ని నాలుక చివరతో నీటుగా తుడుచుకున్నారు.

"ఏమండీ, మత్తు దిగిపోయింది."

"అయితే మునిగిపోయాం," అన్నాడు సర్వేయరు. "ఇప్పుడు మళ్లీ ముందుకు, ముందుకు అంటాడు. బీడు బీడే."

రెండో సగం మొదలైంది. మేనేజరు గీత దగ్గరికి వచ్చారు. గడ్డం పైకి లేచింది. ఛాతీ ఉబ్బింది. సర్వేయరు కళ్లు మూసుకున్నాడు.

కేక రాలేదు.

మేనేజరు మైదానం మధ్యలోకి చూస్తున్నారు. అక్కడ బంతి చక్కగా నడుస్తోంది. తెరిచిన నోరు మెల్లిగా మూసుకుంది. రెండు వేళ్లు వెళ్లి బుద్ధిగా చెంప మీద కూర్చున్నాయి. కాసేపటికి రుమాలు తీసి ఎడమవైపు అద్దుకున్నారు.

"రుమాలు చూశారా?" గుసగుసగా అంది డాక్టరమ్మ. "పొడిగా ఉందండీ. పూర్తిగా పొడి!"

అన్ని వేల మందిలో ఆ సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే. ఆ పొడి రుమాలును చూస్తుంటే ఆమెకెందుకో కళ్లు తడిశాయి. నోరు రాని మనిషి ఊరుకోవడంలో గొప్పేముంది? వచ్చాక ఊరుకున్నవాణ్ణి ఆమె అప్పుడే చూస్తోంది.

ఆట ఇంకాస్తలో ముగుస్తుందనగా మధ్యలోంచే బంతి బయల్దేరింది. ఎడమ పక్క కుర్రాడు లోపలినుంచి అందించాడు, కెప్టెన్ కొట్టాడు, వల కదిలింది. తర్వాత ఏం జరిగిందో డాక్టరమ్మకు స్పష్టంగా గుర్తులేదు. భర్త తనను గాల్లోకి ఎత్తాడని, స్కార్ఫు ఎక్కడో పోయిందని, తాను కూడా నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేయబోయి తన వేలే కొరుక్కుందని మాత్రం గుర్తు. జట్టు నిలిచింది. ఆ సాయంత్రమే తెరల బట్ట కొన్నారు. కొలతలు సర్వేయరే స్వయంగా తీసి కుట్టువాడికి ఇచ్చాడు. "ఇది నా వృత్తి. నువ్వు వేలు పెట్టకు," అన్నాడు.

సోమవారం మేనేజరు క్లినిక్‌కు వచ్చారు. కిటికీ అద్దాలు మళ్లీ కదిలాయి. సర్వేయరు తలుపు చాటుకు వెళ్లబోయాడు.

"ఇలా రావయ్యా," అన్నారు మేనేజరు. "మీ ఆవిడ మత్తు నోటికిచ్చింది గానీ చెవులకివ్వలేదుగా. నోరుండి ఉంటే నీ మొదటి మాటకే అడ్డుపడేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక అభిమాని మాట చివరిదాకా విన్నది ఆ కుర్చీలోనే."

"అంటే... ఆ సైగ మీరు కావాలనే చేశారా సార్?"

"మొదటి సగంలోదా? ఆ దేవుడికే తెలియాలి. నేను ఉమ్మి తుడుచుకుంటున్నా. ఆ కుర్రాడెందుకు లోపలికొచ్చాడో నాకు తెలిస్తే ఒట్టు."

"రెండో సగంలో రుమాలు పొడిగా ఉందండీ," అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

మేనేజరు ఆమెను తేరిపార చూశారు. చెవులు కాస్త ఎర్రబడ్డాయి. "రోగి రహస్యాలు డాక్టర్లు బయటపెట్టరంటారు. నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ."

"జట్టు బాగా ఆడుతుంటే నోరు మూసుకోవడం కూడా మేనేజరు పనేనని ఈ వయసులో తెలిసింది. అది ఊరికి తెలిస్తే నన్ను మైకు అని ఎవడంటాడు?"

సర్వేయరు మనసు పొంగిపోయింది. ఏళ్ల తరబడి తిట్టిన మనిషి ఎదుట చేతులు కట్టుకుని, భక్తిగా అన్నాడు. "సార్, మీ అంతటివారు లేరు సార్. ఇక మన గోల్‌కీపర్ సంగతి ఒక్క మాట..."

"అమ్మా," అన్నారు మేనేజరు, "ఇంకో సూది ఉందా? ఈసారి నాక్కాదు."

ఆ సాయంత్రం తెరలు కుట్టి వచ్చాయి. సర్వేయరు స్టూలెక్కి తగిలించి, దిగి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. ఎడమ తెర కిటికీ దాటి ఎడమ పక్క గోడ మీదికి వెళ్లింది, కుడి తెర కుడి పక్క గోడ మీదికి వెళ్లింది, అయినా రెండూ కలుసుకోవాల్సిన చోట మాత్రం జానెడు సందు మిగిలిపోయింది. డాక్టరమ్మ రెండు వేళ్లు చెంప మీద ఆనించుకుని ఊరుకుంది.

మర్నాడు తెల్లవారగానే ఎండ, తిన్నగా, మధ్యలోంచి వచ్చింది.