గర్భాం దారిలో ఎర్రచీర

చూడామణి మాంగనీసు గని చూస్తానని అడగడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. అడిగినప్పుడల్లా ఆవిడ మొగుడు కూర్మనాథం మేష్టారు "వచ్చే ఆదివారం" అన్నాడు. ఆ ఆదివారం ఎప్పుడూ రాలేదు. చివరికి ఆవిడ వడ్డనలో గరిటె చప్పుడు పెంచేసరికి, 1968లో ఓ బుధవారం, పొద్దుటిపూట సెలవు పెట్టి చీపురుపల్లిలో, గని ఉన్న గర్భాం వెళ్ళే బస్సెక్కించాడు. అంతకంటే చెడ్డరోజు ఏరినా దొరకదు! ఆ మధ్యాహ్నం రెండింటికి బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. అప్పటికి క్లాసులో లేకపోతే ఉద్యోగం పర్మనెంటయ్యే ఆశ వదులుకోమని హెడ్మాస్టరు ముందే చెప్పాడు.

"పన్నెండు బస్సుకి తిరిగొచ్చేస్తాం కదండీ!" అంది చూడామణి, కొత్త ఎర్రచీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ.

దొరల నాటి గోతులు చూశారు, రాళ్ళగుట్టలు చూశారు. మేష్టారు ఓ నల్లరాయి పట్టుకుని దాని బరువుకి మురిసిపోయాడు. చేతులు నల్లగా మసిబారాయి. చూడామణి చీరకీ అదే గతి పట్టింది. ఆవిడ లబోదిబోమంటూ, ఎందుకైనా మంచిదని సంచిలో తెచ్చుకున్న పాతచీర కట్టుకుని, ఎర్రచీరని గోతినీళ్ళలో జాడించింది. బాటపక్కన ఎవరో పుణ్యాత్ములు పాతిన వెదురుగెడ కనిపిస్తే దానికి ఆరేసింది. తర్వాత ఇద్దరూ గుట్టచాటున పులిహోర విప్పారు.

పన్నెండయింది. బస్సు లేదు. పన్నెండున్నరైనా లేదు.

"నీ గని సంతకెళ్ళా! నా ఉద్యోగం పోయింది!" అంటూ మేష్టారు గర్భాం నుంచి వచ్చే బస్సుకి ఎదురు పరిగెత్తాడు.

చీర దాటి కొంత దూరం వెళ్ళాక బస్సు కనిపించింది. కదలకుండా నిలబడి ఉంది. దాని వెనక ఎడ్లబళ్ళు బారులు తీరాయి.

"ఏటి బాబూ, సావాలనుందేటి? జెండా దాటొచ్చేస్తన్నావు!" అని అరిచాడు కండక్టరు సోములు. "ఎర్రజెండా కట్టినారంటే రాళ్ళు పేలుస్తారని తెల్దేటి?"

"పది గోతుల్లో మందెట్టినారంట," అంది బస్సులోంచి గున్నమ్మ అనే ఆవిడ.

"పదేటి, పాతిక!" అన్నాడొక బండివాడు.

మేష్టారు వెనక్కి తిరిగి చూశాడు. దూరాన జరీఅంచు జెండా రెపరెపలాడుతోంది. నిజం చెబితే ఈ జనం తంతారు. చెప్పకపోతే బస్సు కదలదు.

అంతలో బస్సు కిటికీలోంచి ఓ తల బయటికొచ్చింది. ఇన్‌స్పెక్టరు నరసింగరావుగారు!

"ఏమయ్యా మేష్టారూ, బడివేళ నీకిక్కడేం పని?"

"చిత్తం... తమరు..." అని మేష్టారు చేతులు జోడించాడు. అప్పుడు చూశాడు. ఇన్‌స్పెక్టరుగారి ఒళ్ళో రుమాల్లో కట్టిన రాయి ఉంది. తెల్లచొక్కా మీద నల్లటి వేళ్ళ గుర్తులున్నాయి. ఆయన కూడా మేష్టారి చేతులు చూశాడు. కాసేపు ఇద్దరూ ఆకాశం చూశారు.

"జెండా దించేసినారో!" అని బళ్ళవాళ్ళు కేకేశారు. చీర ఆరిందని చూడామణి మడతపెట్టుకుంటోంది.

"ఆ తల్లెవరో, సల్లగుండాల!" అని గున్నమ్మ దణ్ణం పెట్టింది.

చూడామణిని ఎక్కించుకుని బస్సు పరుగు తీసింది. చీపురుపల్లిలో దిగేసరికి రెండు దాటింది; ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "నేను సోడా తాగి వస్తాను. నువ్వు వెనకగోడ దూకు."

"ఉపాధ్యాయులందరూ సమయానికి హాజరు" అని ఆ సాయంత్రం బడి పుస్తకంలో రాశాడాయన. పక్కనే నల్లటి బొటనవేలి ముద్ర కూడా పడింది.